డెట్లెఫ్ గారు గీసిన గీత

బాల్టిక్ తీరంలోని వోల్డెనో రాజ్యం ఎంత చిన్నదంటే, ఈ సరిహద్దులో డ్యూక్ తుమ్మితే ఆ సరిహద్దు కాపలావాడు "చిరంజీవ" అనేవాడు. పెద్ద డ్యూక్ పోయాక ఆ కాస్తా ఇద్దరు కొడుకులు పంచుకోవాల్సి వచ్చింది. ఆచారం ప్రకారం పెద్దవాడు గీత గీస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. పెద్దవాళ్ళ దురాశకు పూర్వులు వేసిన కళ్ళెం అది. పాపం, వాళ్ళు ఈ పెద్దకొడుకు డెట్లెఫ్‌ను చూడలేదు.

ఒక పొద్దున రై రొట్టె, బీరు ముందు పెట్టుకుని డెట్లెఫ్ దివాను టిమ్మోను పిలిపించాడు. తాను గీసిన గీతకు దక్షిణాన హెరింగ్ చేపల రేవు, ఉత్తరాన బాతులు తిరిగే బురద. ఆయన ప్రాణమంతా రేవు మీదే ఉంది. కోరుకునేది మాత్రం తమ్ముడు హెన్నింగ్.

"మూడు వారాల్లో మైకేల్ పండుగ, పంపకం ఆ రోజే. ఆలోగా రేవంటే వాడికి అసహ్యం పుట్టాలి టిమ్మో!"

"అదెంత పని ప్రభూ! రేవులో నాలుగు బండ్ల కుళ్ళు చేపలు పోయిస్తా. బురద ఒడ్డున ఓ చెక్క రేవు కట్టి జెండాలు పెట్టిస్తా. చిన్నప్రభువులు ఇట్టే పడిపోతారు."

కుళ్ళు చేపలు చూసి పల్లె ఆడవాళ్ళు చేపలకు తెగులు వచ్చిందన్నారు. పాస్టరు అది పాపఫలమని మూడు గంటలు బోధించాడు. బోధ విన్న భయంతో ఎవరో తలుపుల మీద మహమ్మారి గుర్తు గీశారు. అది చూసి లూబెక్ వర్తకుల ఓడలు లంగరు వేయకుండా ఉత్తరాన కొత్త రేవుకు పోయాయి. ఓడల వెనకే వలలు, ఉప్పు పీపాలు, పెళ్ళాంబిడ్డలతో జాలర్లు కదిలారు.

"ప్రభూ, జనం నిజంగానే పోతున్నారు!" అన్నాడు టిమ్మో, ముఖం పాలిపోయి.

"పోనీరా! ఖాళీగా ఉంటే ఇంకా దరిద్రంగా కనిపిస్తుంది. పండుగ మర్నాడు కేకేస్తే వాళ్ళే వస్తారు."

పండుగ నాడు హెన్నింగ్ పటం వంకయినా చూడలేదు. "ఉత్తరం నాకు చాలు అన్నయ్యా" అన్నాడు. డెట్లెఫ్ లోపల చంకలు గుద్దుకుంటూ, పైకి కళ్ళు తుడుచుకుని పంపకం పత్రం మీద ముద్ర వేశాడు.

"సరేగాని తమ్ముడూ, మా జాలర్లను రేపు పంపించెయ్."

"అదెలా కుదురుతుంది? ముద్ర వేసే వేళకు ఎవరి నేల మీదున్న జనం వాళ్ళ జనమే. మన తాతల నాటి చట్టమేగా!"

డెట్లెఫ్ పత్రం మీది ముద్రను గోరుతో గీకి చూశాడు. చివరికి, "అంటే నా ఎత్తు నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"ఏం ఎత్తు? చేపల వాసన నాకు పడదని చిన్నప్పటి నుంచీ నీకు తెలుసుగా! బాతుల వేట కోసం ఎప్పుడైనా ఆ బురదే కోరుకునేవాణ్ణి. నువ్వేమో రేవు కట్టి ఒక్క బాతునీ మిగల్చలేదు. అసలు ఎందుకన్నయ్యా నా మీద అంత కక్ష?"

ఆ సాయంత్రం డెట్లెఫ్ తన రేవుకు వెళ్ళాడు. అక్కడ మిగిలిన ప్రజ ఒక్క పిల్లి. అది కుళ్ళు చేపను వాసన చూసి, డ్యూక్ గారిని చూసి, ఉత్తరం దారి పట్టింది.