దీపస్తంభంలో గుర్రం

కళ్లద్దాల దుకాణం నడిపే రెప్పల్రావుకి ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. "సినిమా చూస్తూ రెప్ప వేస్తే అది చూడడం కాదండీ, తొంగిచూడడం!" అని అతను ఒకసారి అన్న మాటకి ముచ్చటపడి ఫిల్మ్ క్లబ్బు సభ్యులు తగిలించింది.

అసలు నిజం అతని భార్యకొక్కతెకే తెలుసు. పేర్లు పడేటప్పుడు నిటారుగా కూర్చుంటాడు. సంగీతం అందుకోగానే ఒరుగుతాడు. కథ మొదలయ్యేసరికి గురక అందుకుంటాడు. ఊరందరికీ చూపు అమ్మే మనిషి ఇంటికొచ్చి తన రెండు కళ్ల దుకాణమూ కట్టేస్తాడు.

రోజంతా దుకాణంలో అతను పలికేవి రెండే ముక్కలు: "ఇప్పుడు కనిపిస్తోందా? పోనీ, ఇప్పుడు?" అలాంటివాడికి ఈసారి చలనచిత్రోత్సవంలో మైకు ఇస్తామన్నారు. ప్రారంభ చిత్రం గురించి నిండు సభలో మాట్లాడాలి. అయితే ముందుగా, ఆదివారం సాయంత్రం క్లబ్బు కమిటీ అతనింటికి వస్తుంది. సినిమాని, ముఖ్యంగా దాని ముగింపుని, వాళ్లకి వివరించి మెప్పించాలి. మెప్పిస్తే మైకు అతనిది. లేకపోతే కమిటీలోనే ఉన్న లెక్కల మాస్టారిది.

సినిమా పెన్‌డ్రైవ్‌లో అతనికీ, కమిటీ సభ్యులందరికీ అందింది. ఒక దీపస్తంభం, దానికో ముసలి కాపలాదారు. మిగతాదంతా సముద్రం.

శనివారం మధ్యాహ్నం రెప్పల్రావు యుద్ధానికి దిగాడు. మొహం కడుక్కున్నాడు. సోఫాని శత్రువుగా భావించి వంటింటి స్టూలు తెచ్చుకున్నాడు. కునుకు పడితే జారిపడి మోత మోగాలని ఒళ్లో స్టీలు పళ్లెం పెట్టుకున్నాడు. పక్కన భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

తెర మీద కెరటం వచ్చింది. వెళ్లింది. మళ్లీ వచ్చింది.

పళ్లెం మాత్రం పడలేదు. దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని మరీ నిద్రపోయాడతను.

కళ్లు తెరిచేసరికి టీవీ ఆరిపోయి ఉంది. బట్టలన్నీ బీరువా ఎక్కేశాయి.

"అద్భుతం!" అన్నాడు, దవడ మీద పళ్లెం అంచు దిగిన గీతని తడుముకుంటూ.

"ఏది?"

"ముగింపు."

"ఓహో!"

బీమా కార్యాలయంలో ఆమెది క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. ఆగి ఉన్న కారు మీదికి చెట్టు నడిచొచ్చిందని రాసేవాళ్లని రోజూ చూస్తుంది. అబద్ధం గుమ్మంలో చెప్పులు విప్పేలోపే ఆమె దాని క్షేమసమాచారాలు అడిగేస్తుంది.

ముగింపు మళ్లీ పెట్టుకుంటే నిద్రపోయానని ఒప్పుకున్నట్టే. "ఏమోయ్," అన్నాడు రెప్పల్రావు గొంతు సవరించుకుని, "సామాన్య ప్రేక్షకులకి ఈ సినిమా ఎంతవరకు అందుతుందో తెలుసుకోవడం నా బాధ్యత. నీకేం అర్థమైందో చివరినుంచి చెప్పు చూద్దాం."

"చివరినుంచే ఎందుకు?"

"మొదలు ఎవరికైనా అర్థమవుతుంది."

"మీకు తెలీకనా, నన్నడుగుతున్నారు?"

"పరీక్ష పెట్టేవాడు జవాబు చెప్పకూడదోయ్!"

ఆమె కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత బుద్ధిమంతురాలైన బడిపిల్లలా చేతులు కట్టుకుంది.

"తుఫాను రాత్రి. దీపం ఆరిపోయింది. ఓడ రాళ్లవైపు దూసుకొస్తోంది. అప్పుడు సముద్రంలోంచి ఒక గుర్రం..."

"గుర్రమా!"

"అదేమిటి, మీరు చూడలేదా?"

"చూడకేం! నువ్వు చూశావో లేదోనని."

"గుర్రం మెట్లన్నీ ఎక్కి పైకొచ్చింది. మెరుపు మెరిసినప్పుడు దాని కళ్లు దీపాల్లా వెలిగాయి. ఆ వెలుగు చూసి ఓడ దారి మళ్లింది. ముసలాయన గుర్రాన్ని వాటేసుకుని ఏడ్చాడు."

రెప్పల్రావు కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ ఆయన గుర్రాన్ని వాటేసుకుంటుంటే ఇక్కడ తను పళ్లేన్ని వాటేసుకున్నాడు! "పరవాలేదు, పాసయ్యావు," అని పెద్దమనసుతో ప్రకటించి, దువ్వెనని మైకులా పట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

ఆదివారం సాయంత్రం కమిటీ తరఫున క్లబ్బు అధ్యక్షుడైన పళ్ల డాక్టరూ, లెక్కల మాస్టారూ వచ్చి కూర్చున్నారు.

"మనిషి వెలిగించిన దీపం ఆరిపోయినచోట," అని ఎత్తుకున్నాడు రెప్పల్రావు, "మూగజీవి కన్ను దీపమవుతుంది! ఆ గుర్రం... అది గుర్రమా అండీ? కాలం!"

వచ్చినవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ముందుగా డాక్టరు తేరుకున్నాడు. "ఆ గుర్రం నన్ను కదిలించేసిందయ్యా! సకిలించినప్పుడు ఆ పలువరస! ఏం పలువరస!"

మాస్టారు వెనకబడదలుచుకోలేదు. "మెట్లు గమనించారా? అంతస్తు పెరిగేకొద్దీ దాని వేగం తగ్గుతుంది. చక్కటి అవరోహణ క్రమం!"

"ఆ తెల్లటి జూలు మీద వాననీళ్లు..."

"తెలుపేమిటండీ? నల్లగుర్రం కదూ?"

"తెలుపంటే ఏమిటో పళ్ల డాక్టరుకి నేర్పుతావా?"

"నలుపంటే ఏమిటో నల్లబల్లతో బతికినవాడికి మీరు నేర్పుతారా?"

ఇద్దరూ గభాల్న ఇటు తిరిగారు. "రెప్ప వెయ్యకుండా చూసిన మనిషివి, నువ్వు చెప్పవయ్యా!"

రెప్పల్రావు దీనంగా గుమ్మంవైపు చూశాడు. టీ కప్పుల పళ్లెంతో భార్య నిలబడి ఉంది. రంగు చెప్పకుండా కథ చెప్పిన మహాతల్లి!

"గోధుమరంగు," అని గొణిగాడు.

"వాదనెందుకండీ?" అందామె. "పెట్టి చూస్తే పోలా?"

ముగ్గురూ ఒక్కసారే లేచారు.

"వద్దమ్మాయ్, గొప్ప ముగింపుని మళ్లీ మళ్లీ చూస్తే అరిగిపోతుంది!"

"కరెంటు దండగమ్మా!"

"టీ చల్లారిపోతుందోయ్!"

ఆమె అప్పటికే రిమోట్ నొక్కేసింది.

తుఫాను లేదు. దీపం దివ్యంగా వెలుగుతోంది. ఏళ్ల తరబడి రాత్రి నిద్రకి నోచుకోని ముసలి కాపలాదారు కొత్త కాపలాదారుకి తాళాలు అప్పగించాడు. మంచమెక్కాడు. దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు. పేర్లు పడ్డాయి.

గుర్రం రాలేదు. కనీసం గాడిదైనా రాలేదు.

"ఈ సినిమాలో నిద్రపోవడానికి చివరిదాకా ఆగింది ఆయనొక్కడే," అందామె టీ అందిస్తూ.

మైకు చెయ్యి జారిపోయినట్టేనని రెప్పల్రావు తల దించుకున్నాడు. ఇంతలో డాక్టరు కుర్చీ గజగజ ఊగింది. కోపమనుకున్నాడు. నవ్వు!

"అమ్మాయ్, నేను మొదటి కెరటానికే కొట్టుకుపోయాను. ఏమయ్యా, నీ దగ్గర నల్లకళ్లద్దాలు కొన్నది ఎండకనుకున్నావా? క్లబ్బులో ముందు వరసలో కూర్చోవడానికి!"

"నేను మాత్రం ఓడ వచ్చేదాకా మెలకువగానే ఉన్నాను," అన్నాడు మాస్టారు గర్వంగా.

"సినిమాలో ఓడ రాదండీ," అందామె.

మాస్టారు ఆలోచించాడు. "అయితే అది నా కలలోది."

బిగుతు చొక్కా గుండీలు ఒక్కసారే విప్పినట్టయింది ముగ్గురికీ. ఎన్నేళ్ల పాండిత్యమో ఆ ఒక్క నవ్వుతో దిగిపోయింది. సినిమాలు ఎంపికచేసే బాధ్యత ఇకనుంచి ఆమెదేనని డాక్టరు అక్కడికక్కడే తేల్చేశాడు.

"మరి మైకు?" అని రెప్పల్రావు సన్నగా అడిగాడు.

"మీదే," అందామె. "కాకపోతే నిజం చెప్పాలి. ఎంత హాయిగా నిద్రపోయారో సభలో చెప్పండి. సినిమా చివరన ఆ ముసలాయన మొహంలో కనిపించేదీ అదే హాయి."

"జనం నవ్వితే?"

"నవ్వేవాళ్లు మెలకువగా ఉన్నట్టేగా!"

అతిథులు వెళ్లారు. రెప్పల్రావు సోఫాతో రాజీపడి వెనక్కి వాలాడు. మనసు దూదిపింజలా ఉంది. దాచుకోనక్కర్లేని నిద్ర ఎంత తీపిగా ఉంటుందో చూద్దామని కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు.

"ఏమోయ్, ఇంతకీ ఆ గుర్రం ఏ రంగు?"

"ఇంకా అనుకోలేదండీ. పడుకోండి, రేపు చెప్తాను."

అంతే, క్లబ్బువాళ్లు పెట్టిన పేరు ఆనాటికి సార్థకమైంది. ఆ రాత్రంతా రెప్పల్రావుకి మరి రెప్ప పడలేదు.