గులాబీ రంగు కణం

"ఇకమీదట మన బడిలో విజ్ఞానం పుస్తకాల్లోంచి రాదు, పసివాళ్ళ పదివేళ్ళలోంచి పుట్టుకొస్తుంది! కనుక కణాల నమూనాల తయారీలో తల్లిదండ్రులెవరూ వేలు పెట్టరాదు!"

ప్రధానోపాధ్యాయురాలు బల్ల గుద్ది ఈ మాట ప్రకటించగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు పళ్ళ డాక్టరు. ఆయన కూతురి వంతుకు వృక్ష కణం వచ్చింది.

పిల్ల ఇంటికి రాగానే చెప్పుల అట్టపెట్టె, పాత గుండీలు, ఆకుపచ్చ కాగితం ముందేసుకుని కూర్చుంది. డాక్టరు తొంగి చూశాడు. ఆయన గుండె తరుక్కుపోయింది.

"ఇదేమిటే! పక్కింటి కాంట్రాక్టరు కొడుకు కోసం సిమెంటు కలుపుతున్నాడు. నువ్వు గుండీలు పట్టుకెళితే నా పరువేం కావాలి?"

"పెద్దవాళ్ళు వేలు పెట్టకూడదన్నారు నాన్నా!"

"వేలెక్కడ పెడుతున్నానమ్మా? పట్టకారు పెడుతున్నాను."

ఆ క్షణం నుంచి ఆసుపత్రిలో వైద్యం ఆగిపోయింది. వరండాలో రోగులు దవడలు పట్టుకుని మూలుగుతూంటే, లోపల డాక్టరు మైటోకాండ్రియాకు మెరుగు పెడుతున్నాడు. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు పోసే గులాబీ ప్లాస్టిక్కుతో కణం నిగనిగలాడుతూ తయారైంది. కేంద్రకం అచ్చం దంతంలాగే ఉంది!

"నాన్నా, హరితరేణువులు ఆకుపచ్చగా ఉండాలి."

"నా దగ్గరున్నది గులాబీ రంగే. గులాబీ మొక్కనుకో."

"చుట్టూ కణకవచం?"

"గోడ కట్టేస్తే లోపలి పనితనం ఎవడు చూస్తాడు?"

"మధ్యలో పెద్ద రిక్తిక... ఖాళీ సంచిలాంటిది..."

"ఖాళీ వదిలేస్తే పని రానివాడనుకోరూ!"

"ఏమండీ, ఆ పిల్లని చేసుకోనివ్వండి" అంది భార్య.

"చేసుకోనీ. నేను చేశాక!"

పిల్ల గుండీలు ఏరుకుని, మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. తండ్రితో మాట్లాడటం మానేసింది. పని హడావుడిలో ఆయన అది గమనించనేలేదు.

ప్రదర్శన రోజున హాలంతా తల్లిదండ్రులే. కాంట్రాక్టరు కణకవచమన్నారు కదా అని ఏకంగా ప్రహరీ కట్టుకొచ్చాడు. దాన్ని నలుగురు మోశారు. ఒక తల్లి కణత్వచానికి జరీ అంచు కుట్టించింది. పిల్లలు మాత్రం బయట హాయిగా బంతాట ఆడుకుంటున్నారు.

ఇంతలో విద్యాధికారి వేంచేశాడు. పిల్లల్ని తరిమి లోపలికి తెచ్చారు.

"ఎవరు చేశారర్రా ఇవి?"

"మేమే సార్!" అన్నారు పిల్లలు. వాళ్ళకంటే ముందు తల్లిదండ్రులు పెదవులు కదిపారు.

అధికారి గులాబీ కణం ముందు ఆగిపోయాడు. చుట్టూ తిరిగి, వంగి, ముచ్చటపడి, "ఇదేమిటో చెప్పమ్మా!" అన్నాడు. డాక్టరు ఛాతీ ఉప్పొంగింది.

పిల్ల చేతులు కట్టుకుంది. "కణకవచం లేదు సార్. పెద్ద రిక్తిక లేదు. హరితరేణువులు లేవు. అన్నీ చూస్తే ఇది జంతు కణం సార్."

"శభాష్! నీకిచ్చింది జంతు కణమన్నమాట!"

"కాదు సార్, వృక్ష కణం. కానీ మా నాన్న చేశారు కదా... జంతువొచ్చింది."

హాలు ఘొల్లుమంది. డాక్టరు ముఖం తన ప్లాస్టిక్కుతో పోటీపడింది.

అధికారి మాత్రం నవ్వలేదు. "సిగ్గుచేటు!" అని గర్జించాడు. "పిల్లల చేతులు కట్టేసి మీరు బహుమతులు కొట్టేస్తారా? పెద్దలంతా బయటికి నడవండి! పిల్లలకి మట్టి ఇవ్వండి!"

పెద్దలు కిటికీలకు అతుక్కుని చూశారు. లోపల పిల్లలు మోచేతుల దాకా మట్టితో, అరుచుకుంటూ, వంకరటింకర కణాలు చేశారు. డాక్టరు కూతురు తన కణానికి గోడ కట్టి, మధ్యలో బొటనవేలితో పెద్ద గుంట నొక్కి, కిటికీలోని తండ్రికి ఎత్తి చూపించింది. "రిక్తిక నాన్నా!" అని కేకేసింది. మళ్ళీ మాట్లాడింది! ఆయనకు కళ్ళు చెమర్చాయి. ఇక జన్మలో పిల్ల చదువు జోలికి పోకూడదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు.

ఎవరో భుజం తట్టారు. విద్యాధికారి! అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"డాక్టరుగారూ, ఆ గులాబీది మీకిక పనికిరాదు కదా? కాస్త మా కారు డిక్కీలో పెట్టించండి. రేపు మావాడి బళ్ళో కూడా ఇదే తంతు. వాడికి జంతు కణమే పడింది!"

డాక్టరు పొంగిపోయాడు. దాన్ని పసిపాపలా పొదివిపట్టి తానే మోసుకెళ్ళాడు.

"అడుగు ఇంకా ఆరలేదు సార్, మీరు ముట్టుకోకండి!"

"అబ్బే, నేనెందుకు ముట్టుకుంటాను!" అన్నాడు అధికారి డిక్కీ మూస్తూ. "అంతా మావాడు స్వయంగా చేసుకోవాల్సిందే!"