మహారాజపోషకులకు కుర్చీలు ఎక్కడ వెయ్యాలె?

“నాకు గిరాకీలు లేరు. ఉండరు. నాకున్నది పోషకులే!”

చానల్ పుట్టినరోజు నాడు లైవ్‌ల అనిల్‌కుమార్ గారు ఈ మాట ప్రకటించిండ్రు. ప్రకటించి కండ్లు తుడుచుకున్నరు. ఆయన చానల్ పేరు ‘చెరుకుగడ్డ గర్జన’. బోధన్‌ల మా టెంట్‌హౌజ్ మీది అంతస్తే ఆయన ఆఫీసు. గర్జన మొదలైతే కింద మా స్టీలు గంజులు మోగుతయి. అసువంటి మహానుభావుని కింద బతుకుడు నా అదృష్టం.

చానల్ పుక్కట్ల చూడొచ్చు. కాని ‘జాయిన్’ అని ఒక బటన్ ఉంటది. అది ఒత్తి నెలనెల పైసలు కడితే అనిల్‌కుమార్ గారు లైవ్‌ల పేరు పెట్టి పిలుస్తరు. “రైతన్నా, నీ గోస నా గోస. నీ ఊరికొస్త, నీ వీడియో చేస్త” అని దాని కిందనే రాసి ఉంటది.

వర్ని దిక్కు భూమన్న అది చదివి ఒత్తిండు. ఆయన పొలం కాలువ చివర్ల ఉంటది. మీద తూము కాడ నీటి సంఘం చైర్మన్ వెంకటి సాబ్ నీళ్లు మలిపి తన చేపల చెరువులు నింపుకుంటున్నరు. భూమన్న వరి పొట్టకొచ్చింది. ఇంకొక్క తడి పడితే గింజ, లేకుంటే గడ్డి. ఆఫీసర్లకు చెప్పుకున్నడు. ఆఫీసర్లు పోయి చైర్మన్ సాబ్‌కు చెప్పిండ్రు. ఇగ వీడియో ఒక్కటే దిక్కయింది.

అనిల్‌కుమార్ గారు మాట తప్పే మనిషి కాదు. స్వయంగ పోయిండ్రు. చెప్పులు విడిచి, నెర్రెలిచ్చిన మడిల నిలబడి ఏడ్చిండ్రు. మొదటి ఏడుపుకు ఎండ ఎదురైందని ఇంకోసారి ఏడ్చిండ్రు. తూము, చెరువులు, మోటర్లు అన్నీ తీసుకున్నరు. భూమన్న సంబురపడి కోడి కోసి పెట్టిండు.

వీడియో రాలే.

భూమన్న మెట్లెక్కి ఆఫీసుకొచ్చిండు. వెంట జహీరున్నీసా ఉంది. బజార్ల గాజుల దుకాణం ఆమెది. దుకాణం ముందట పొంగే మురికి మోరీ మీద వీడియో వస్తదని ఆమె గూడ నెలనెల కడుతది. నేను కుర్చీలు ఇచ్చేతందుకు పోయి ఆడనే నిలబడ్డ.

“అనిలన్నా, నా వీడియో ఎప్పుడు పెడ్తవే?”

అనిల్‌కుమార్ గారు నొచ్చుకున్నరు. “ఎప్పుడు అని అడిగేటోడు గిరాకీ, భూమన్నా. పోషకుడు అడగడు. దీవిస్తడు.”

“దీవిస్తనే. నువ్వు పెట్టు, నేను దీవిస్త.”

“సూడు, మళ్ల బేరం!”

జహీరున్నీసా నడుమ వచ్చింది. “క్యా బేటా, నేను తొడుగుతుంటె గాజు పలిగితె దాని పైసలు తీస్కోను. ఇంకోటి తొడుగుత. నువ్వు గాజు లేదు, ఏం లేదు, ఉత్త చెయ్యి పట్టుకొని పిసుకుతున్నవ్.”

“అమ్మా, నీది వస్తువు. నాది ఉద్యమం. కంటెంట్‌కు ఒక ప్రాసెస్ ఉంటది.”

“మోరీకి గూడనా?”

“మోరీకి ఇంకా లోతైన ప్రాసెస్.”

“పోషకులమైతె మరి మా ఇజ్జత్ ఏది?”

ఆ మాట అనిల్‌కుమార్ గారి మనసుకు తాకింది. వచ్చే ఆదివారం ఫంక్షన్ హాల్ల మహారాజపోషకుల సన్మాన సభ అని అక్కడికక్కడ ప్రకటించిండ్రు. కాలువ వీడియో సంగతి గూడ ఆ స్టేజీ మీదనే తేలుతదన్నరు.

మెట్లు దిగుతుంటె భూమన్న నన్నడిగిండు. “ఆదివారం దాక ఆగుతదంటవా అన్న, వరి?”

వరి గిరాకీనో పోషకుడో నాకు తెల్వది.

కుర్చీల ఆర్డర్ నాకే వచ్చింది. మా దందాల ఒక రివాజుంది. ఇచ్చినోళ్లకు స్టేజీ మీద సోఫాలు, వచ్చినోళ్లకు కింద ప్లాస్టిక్ కుర్చీలు.

“సార్, పోషకులకు ఎన్ని సోఫాలు వెయ్యాలె?”

“ఒకటి.”

“హాల్ నిండ పోషకులే గద సార్.”

“వాళ్లు మనసుల పోషకులు. కూసునేటప్పుడు ఆడియన్స్.”

“మరి సోఫా ఎవలికి?”

“ముఖ్య అతిథికి.”

ఎంత బారీకుగ ఆలోచిస్తరో చూడుండ్రి. నేనైతే సోఫాలన్నీ మోయించి నడుములు ఇరగ్గొట్టుకునేటోన్ని.

ఆదివారం ఆ సోఫాల చైర్మన్ వెంకటి సాబ్ కూసున్నరు.

భూమన్నను పిలిచి శాలువ కప్పిండ్రు. ‘మహారాజపోషకుడు’ అని రాసిన పతకం మెడల ఏసిండ్రు. భూమన్న మైకు కాడికి వంగి “నా వీడియో...” అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. అనిల్‌కుమార్ గారు ప్రేమతోని మైకు గుంజుకున్నరు.

తర్వాత చైర్మన్ సాబ్ లేసిండ్రు. “మా అనిల్ తమ్ముడు కాలువ మీద ఒక వీడియో చేసిండు. ముందుగాల నాకే చూపెట్టిండు. సూసి ఏడ్చిన. గంత మంచి వీడియో ఇంకెవ్వలు సూడొద్దనిపిచ్చింది. గందుకే నేనే ఉంచుకున్న.”

హాల్ దద్దరిల్లింది. అనిల్‌కుమార్ గారు ఆయన కాళ్లకు మొక్కిండ్రు. బయట అనిల్‌కుమార్ గారి కొత్త కారుకు పెట్టిన పసుపు ఇంకా ఆరలే.

జహీరున్నీసా తనకు గూడ ఏసిన పతకం తీసి కుర్చీల పెట్టింది. “కుర్చీతోని గిది గూడ తీస్కపో భయ్యా” అని నాతోని చెప్పి బయటికి నడిచింది.

భూమన్న మాత్రం ఉన్నడు. ఏం చెయ్యాల్నో తెల్వక భోజనాల వరుసల కూసున్నడు. చేపల పులుసు. చైర్మన్ సాబ్ సొంత చెరువులయే, పోషకుల కోసమని పొద్దున్నే పట్టించిండ్రంట. భూమన్న ఇస్తార్ల తునక లావుగ, నున్నగ ఉంది. దాన్ని చానసేపు సూసిండు. ఒక బుక్క పెట్టుకున్నడు. పొలమారింది.

“నీళ్లు... జర నీళ్లు...”

వడ్డించేటాయన బకెట్ పట్టుకొని ఉరికొచ్చిండు.

“నీళ్లు అయిపోయినయి, మహారాజపోషకులు గారు. చేపలైతె మస్తున్నయి. ఇంకో తునక వెయ్యాల్నా?”