ఆరు ఆత్మచిత్రాలు, ఒక పోచయ్య

ఏం అల్లుడా అరవిందూ, ఫోనులో సెల్ఫీ మొహానికి తెల్లరంగు పూసుకున్నది చాలు గానీ, ఇటొచ్చి కూర్చో. "ఆత్మచిత్రంలో అబద్ధానికి తావు లేదు!" ఈ మాట నాది కాదు. నేను చదివింది ఆరో తరగతి, అదీ సగమే. జూబ్లీ హిల్స్ శారదాదేవి గారు బంగారు అక్షరాలతో అచ్చువేయించిన ఆహ్వానపత్రంలోది.

ఆవిడ ఒక నిర్మాత భార్య. బంగళాలో కింది అంతస్తును గ్యాలరీగా మార్చి, ఎవరి బొమ్మ వాళ్లే గీసుకున్న చిత్రాల ప్రదర్శన పెట్టారు. సినిమావాళ్లెవరైనా పంపవచ్చట. జడ్జి మెచ్చిన ఒక్క బొమ్మ మాత్రం, కింద పేరు చెక్కిన ఇత్తడి పలకతో సహా, ఆ గోడమీద శాశ్వతంగా ఉంటుందట.

నాకు ఆ ఇత్తడి పలక మీద మనసు పడింది. ముప్పై ఏళ్లు సినిమా కటౌట్లు గీశాను. యాభై అడుగుల హీరోల చెప్పుల పక్కన కూడా పోచయ్య అని రాసుకోనివ్వలేదు. ఫ్లెక్సీలొచ్చాక ఆ చెప్పులూ పోయాయి. ఒక్క గోడమీద, ఒక్కసారి నా పేరు చూసుకోవాలి. అంతే.

ఈలోగా యూసుఫ్‌గూడలో మా సందు చివర కార్లు ఆగడం మొదలైంది. మొదటిది శారదాదేవి గారిదే. కాన్సెప్ట్ అంతా తనదేననీ, కొంచెం టచప్ చేసిపెడితే చాలనీ అన్నారు. కాన్వాసు విప్పి చూస్తే తెల్లగా ఉంది. మూలన సంతకం మాత్రం చేసి ఉంది. మర్నాడు హీరో పృథ్వీరాజ్ వచ్చాడు. వారంలో మొత్తం ఆరుగురు. ఎవరికీ చెప్పొద్దని ఆరుగురూ ఒట్టు వేయించుకున్నారు.

నా బుద్ధి నీకు తెలుసుగా. ఊరికే గీస్తానా? అద్దంలో చూసుకుంటూ ఆరు మొహాల్లోనూ నా కళ్లే పెట్టాను. కింద ఉబ్బిన సంచులు, కొద్దిగా వాలిన ఎడమ రెప్ప, ఉన్నది ఉన్నట్టు. ఒకే గోడకు పక్కపక్కన తగిలిస్తే ఆరుగురూ నవ్వులపాలవుతారని నా సంబరం.

నా బొమ్మకు మాత్రం కటౌటు పద్ధతే. పొట్ట లోపలికి, జుట్టు ముందుకు, ఛాయ రెండు మెట్లు పైకి, కళ్లలో ఇంటర్వెల్ ముందు హీరోకి కనబడే ఎరుపు. మీ అత్త మంజులత చూసి, "గీయన ఎవరయ్యా, మంచిగున్నడు" అంది. పొగిడిందనే అనుకున్నాను.

ప్రదర్శన రోజు వచ్చినవాళ్లు ఎవరి బొమ్మ ముందు వాళ్లే నిలబడ్డారు. పక్క బొమ్మను చూసిన పాపాన పోలేదు. అన్నీ చూసింది జడ్జి ఒక్కరే. చిత్రలేఖనం నేర్పిన పాత మేష్టారు, రాఘవేంద్ర గారు. నేను నవ్వాపుకోలేక స్తంభం వెనక్కి చేరాను. ఆయన మాత్రం శారదాదేవి గారి బొమ్మ ముందు ఆగి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

"జీవితమంతా ఎవరూ గుర్తించని మనిషి అలసట ఈ కళ్లలో ఉంది. ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు."

పలక శారదాదేవి గారికి ప్రకటించారు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకున్నారు. పృథ్వీరాజ్ చిన్నప్పుడు ఏసీ లేని కారులో బడికెళ్లిన రోజులు తలచుకున్నాడు.

ఆఖర్న మేష్టారు మళ్లీ నా బొమ్మ దగ్గరికొచ్చారు. బొమ్మను చూశారు, నన్ను చూశారు, మళ్లీ బొమ్మను చూశారు. నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించారు.

"ఏమీ అనుకోకండి పోచయ్యగారూ. దీన్ని ఎవరితో గీయించారు?"

"నేనే గీసిన సార్" అన్నాను. నేను గీయగలనని ఆరుగురికీ తెలుసు. ఆరుగురూ పైకప్పు అందం చూస్తున్నారు. వాళ్లను ఆటపట్టిద్దామని నన్ను ఆరుచోట్ల గీసుకుని, నా చట్రంలో ఎవణ్ణో కూర్చోబెట్టానని అప్పుడు తెలిసింది అల్లుడా.

శారదాదేవి గారు పలక మీద వేలిముద్రలు తుడుచుకుంటూ, ఎంతో జాలిగా అన్నారు:

"కనీసం ఎవరి బొమ్మ వాళ్లు సొంతంగా గీసుకోకపోతే ఎలాగండీ?"