ఒక చీర, రెండు నోటీసులు

ధర్మవరంలో మగ్గానికి ఒక పడుగు ఎక్కిస్తే మూడు చీరలు దిగుతాయి, మూడూ ఒకటే తీరు. హిందూపురం సుకన్యకు ఆ సంగతి తెలుసు. అందుకే తన చీరకు జోడైనదేదీ హిందూపురంలో ఎవరికీ అమ్మొద్దని నేతగాడు మార్కండేయులు దగ్గర మాట తీసుకుంది. ఆయన మాట తప్పలేదు. పెనుకొండ మనిషికి అమ్మాడు. ఆ మనిషి సుకన్య తోటికోడలు భారతి.

ఆదివారం పెనుకొండలో బంధువుల పెళ్ళి. ఇద్దరూ ఒకే చీరలో నిలబడితే జనం క్యాటరింగ్ వాళ్ళనుకుంటారని సుకన్య ఏడుపు.

మొగుడు చెన్నప్పకు మాత్రం పండగ. నేసి బతికేవాడిని కాగితంతో బెదిరిస్తే ఏదో ఒకటి రాలుతుందనుకునే రకం. లాయరు చెప్పాడు: చీర వెనక్కిచ్చి డబ్బు తీసుకో, లేదా చీర ఉంచుకుని నష్టపరిహారం అడుగు, రెండూ కుదరవు, ఒకటి తేల్చుకుని రా. ఫీజు మొత్తం ఇచ్చి సగమే అడగడం చెన్నప్పకు నచ్చలేదు. టైపింగ్ షాపులో తానే రెండు నోటీసులు కొట్టించి ఒకే కవర్లో పంపాడు, ఇంకో కవరు దండగని.

"ఆదివారం నేనేం కట్టుకోవల్ల?" అని సుకన్య అడిగింది.

"ఆ చీర ముట్టొద్దు. అది సాక్ష్యం."

"సాక్ష్యం బీరువాలో పెట్టి, నేను నైటీలో పోయేదా పెండ్లికి?"

శుక్రవారం మార్కండేయులు బస్సు దిగి వచ్చాడు. సంచిలో రెండు నోటీసులు, వేరే పడుగు మీద నేసిన కొత్త చీర. మంచినీళ్ళు తాగి కాగితాలు చాప మీద పరిచాడు.

"ఏమప్పా చెన్నప్పా, ఈ కాగితంలో చీర మడత గూడా ఇప్పలేదు, వాపసు తీసుకోమన్నావు. ఈ కాగితంలో మీ ఆడమనిషి అదే చీర కట్టుకోని పెండ్లికి పోయి, మున్నూరు మంది ముందర పరువు పోగొట్టుకునిందని రాసినావు. పెండ్లి ఎల్లుండి గదా?"

"ముందుగానే రాసి పెట్టినా."

ఏది నిజమో చెబితే దాని ప్రకారమే చేస్తానని, రెండూ వద్దంటే చీరకు చీర మారుస్తానని మార్కండేయులు అన్నాడు. చెన్నప్ప ఆలోచించాడు. కాఫీ చల్లారింది. మళ్ళీ కాచారు, అదీ చల్లారింది. చివరికి డబ్బూ, పాత చీరా, కొత్త చీరా మూడూ ఇస్తే ఆలోచిస్తానన్నాడు.

సుకన్య లేచి బీరువా తెరిచింది. పాత చీర మార్కండేయులు చేతిలో పెట్టి, కొత్తది భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. రెండు నోటీసుల కిందా రాజీ అయిందని రాసి సంతకం చేసింది.

"నేనింకా తేల్చుకుంటాండా," అన్నాడు చెన్నప్ప.

"నిదానంగా తేల్చుకో. కట్టుకునేది నేను, నాకు తేలిపాయ."

పెళ్ళిలో ఆ చీర ఎక్కడిదని ఆడవాళ్ళంతా మూగారు. భారతి రెండుసార్లు అడిగింది. మా ఆయన నాకోసం కోర్టు దాకా పోయి తెచ్చినాడని సుకన్య చెప్పింది. భోజనాలయ్యేసరికి, పెళ్ళాల దెప్పులు పడలేక ఆరుగురు మొగుళ్ళు చెన్నప్పను వెతుక్కుంటూ వంటశాల వెనక్కి వచ్చారు, పంచెలు ఎగగట్టి.