మామగారి ప్రాసెసరూ, అల్లుడుగారి ప్రాసెసరూ

ఆ ఆదివారం అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, పేపరు చదవడం, మళ్లీ టీ తాగడం. రెండో టీ దాకా రాకముందే భార్య ఒక చేతిలో పెన్ డ్రైవు, ఇంకో చేతిలో బొంతతో ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమండీ, నేను చదివిన మొదటి అధ్యాయం ఇందులో ఉంది. రొద తీసేసి, శుభ్రం చేసి, మధ్యాహ్నంలోపల ఆడియో పుస్తకాల వాళ్లకి పంపాలి. రెండు కంప్యూటర్లలో ఏది గట్టిదో చూసి దాంట్లో చేయండి. పాతసామాను అతను కూడా వస్తానన్నాడు, బల్ల మీదవి దించి ఉంచండి. నేను రెండో అధ్యాయం చదువుకోవాలి. తలుపు కొట్టొద్దు, గట్టిగా మాట్లాడొద్దు."

ఆవిడ లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకుని, చప్పుడు రాకుండా తలుపుకి బొంత వేలాడదీసుకుంది. పిల్లల చదువులూ ఇంటి చాకిరీ అయ్యాక, ఇన్నేళ్లకి ఆవిడ గొంతుకి దొరికిన మొదటి పని అది. అధ్యాయం వేళకి చేరి, వాళ్లకి నచ్చితే పుస్తకమంతా ఆవిడదే. అందకపోతే ఇంకో గొంతు వెతుక్కుంటారు. ఆ సంగతి తలుచుకుని అల్లుడుగారు రెండో టీ మాట మరిచిపోయి లేచారు.

ముందు గదిలో ఇరుకు బల్ల మీద రెండు కంప్యూటర్లూ భుజాలు రాసుకుంటూ కూర్చున్నాయి. రెండూ పాతవే, కొన్న రోజున కూడా చవకరకమే. మామగారు ఇచ్చిన దాంట్లో ప్రాసెసరుకి పని లాగే కోర్లు రెండు, కానీ రెండూ నిదానం. అల్లుడుగారు పాత ఆఫీసులో అమ్మేస్తుంటే కొన్నదానికి ఒకటే కోరు, కానీ చురుకు. ఇద్దరు బద్ధకస్తులు కలిసి చేసే పని ఎక్కువా, ఒక్క హుషారువాడు చేసే పని ఎక్కువా అన్నది ఆ ఇంట్లో ఏనాడూ తేలలేదు. తేల్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మామగారు రేడియో రిపేరు షాపు మూసేశాక కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆయన అల్లుడి చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడారు.

"రెండింట్లోనూ అదే అధ్యాయం పెడదాం అల్లుడుగారూ. ముందు పూర్తయింది ఉంటుంది. రెండోది పాతసామానుకి పోతుంది. అమ్మాయి మాటకి అర్థం అదేగా."

"అంతే మామయ్యగారూ," అన్నారు అల్లుడుగారు. అన్నారే కానీ మనసొప్పలేదు. ఉన్న ఉద్యోగం ఊడి, ఇంట్లో మొహం చూపించలేక తిరుగుతున్న రోజుల్లో, మామగారు ఒక్క మాట అడగకుండా ఆ కంప్యూటరు మోసుకొచ్చి ఇచ్చారు. దాని మీద లెక్కల పని నేర్చుకునే ఇప్పుడు నాలుగు వేళ్లూ నోట్లోకి వెళుతున్నాయి. అలాంటిదాన్ని తూకానికి వేయడమా? అది ఓడిపోకూడదు. అంటే తనది గెలవకూడదు.

మామగారు దుమ్ము దులుపుతానని తన కంప్యూటరు మూత విప్పి అటు తిరిగి కూర్చున్నారు. ఆ సందు చూసుకుని అల్లుడుగారు తన కంప్యూటర్లో వైరస్‌లు వెతికే పని మొదలుపెట్టి, ఆ విండో కిందికి దించేశారు. ఉన్న ఒక్క కోరుకి రెండు పనులు. ఇక అది లేవదని నమ్మకం కుదిరాక పందెం మొదలైంది.

కాసేపటికి చూస్తే అల్లుడుగారిది పదిహేను శాతం దగ్గర ఉంది. మామగారిది పన్నెండు. ఇదేం చోద్యమని అల్లుడుగారు నోరు వెళ్లబెట్టారు. ఇంత నీరసంగా ఉన్న తన ప్రాసెసరు ఇంకా ముందుందంటే మామగారి ప్రాసెసరుకి ఏమొచ్చింది?

"మీది బాగా లాగుతోంది అల్లుడుగారూ," అని మామగారు సంతోషంగా గొణిగారు.

"అబ్బే, మీది నిలకడైనది మామయ్యగారూ. చివర్లో చూడండి."

మామగారు మంచినీళ్లకి లేవగానే అల్లుడుగారు ఏవో నాలుగు వీడియోలు శబ్దం లేకుండా తెరిచి దాచేశారు. అల్లుడుగారు బాత్‌రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి మామగారి కంప్యూటరు మీద తుండు పరిచి ఉంది.

"దుమ్ము పడుతుందని," అన్నారు మామగారు కిటికీ వైపు చూస్తూ.

పని ఎంతయిందో చూపే పట్టీలు రెండు తెరల మీదా నత్తలకి నడక నేర్పేలా కదులుతున్నాయి. కాసేపటికి అల్లుడుగారిది ముప్ఫై దగ్గర బిగుసుకుపోయింది. మామగారి కంప్యూటర్లోంచి వేడి వాసన వచ్చింది. ఆ వెంటనే తెర నల్లబడి అది దానంతటదే ఆగిపోయింది.

అల్లుడుగారు కంగారుగా తుండు లాగి మూత తీశారు. ప్రాసెసరు మీది చిన్న ఫ్యాను కదలకుండా ఉంది. దాని వైరు ఊడి పక్కన వేలాడుతోంది.

"మామయ్యగారూ, ఇదెలా ఊడింది?"

"ఊడలేదు. నేనే పీకాను," అన్నారు మామగారు తలొంచుకుని. "వేడెక్కితే నెమ్మదిస్తుందని తెలుసు. మొత్తానికే ఆగిపోతుందనుకోలేదు. నా కంటి ఆపరేషన్ అయినప్పుడు మీరు రోజూ ఆ మీ కంప్యూటర్లో అక్షరాలు ఇంతింత చేసి వార్తలు చదివించారు. కన్నకొడుకు కూడా అంత ఓపిక పట్టడు. దాన్ని ఎలా అమ్మనిస్తాను? అవునూ, మీదాని మూల ఆ గుండ్రంది తిరుగుతోందే, అదేమిటి?"

అల్లుడుగారు దాచినవన్నీ ఒక్కొక్కటే తెరిచి చూపించారు. ఆ సమయానికే లోపలి తలుపు తెరుచుకుంది.

భార్య ముందు నల్లటి తెర చూసింది, తర్వాత బిగుసుకున్న పట్టీ చూసింది, తర్వాత గడియారం చూసింది. తండ్రీ భర్తా తప్పుచేసి దొరికిన పిల్లల్లా నిలబడి మొత్తం చెప్పేశారు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"ఇద్దరూ ఓడిపోవడానికే కూర్చుంటే పందెం దేనికి నాన్నా?"

"అయిపోయింది. నీ పని పాడుచేశామమ్మా," అన్నారు మామగారు.

ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుని లేచింది. "నాన్నా, ఆ వైరు పెట్టండి. ఏమండీ, ఆ చెత్తంతా ఆపండి. అధ్యాయాన్ని సగానికి కోసి, మొదటి సగం ఇందులో, రెండో సగం అందులో పెట్టండి."

ఫ్యాను తిరిగింది. ఎవరి సగం వాళ్లు భుజాన వేసుకున్నట్టు రెండు ప్రాసెసర్లూ కదిలాయి. ఆ ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా ఒకటి పూర్తయింది, వెనకే రెండోది. ఏది ముందో చూడాలని ఎవరికీ తోచలేదు. సగాలు అతికించి పంపేసరికి మధ్యాహ్నం కావడానికి ఇంకా కాస్త వ్యవధి మిగిలింది.

అంతలో గేటు దగ్గర పాతసామాను అతని బండి ఆగింది. మామా అల్లుళ్లు ఒకేసారి తమతమ కంప్యూటర్ల మీద చేయి వేశారు.

"నాదే ఇచ్చేయమ్మా," అన్నారు మామగారు.

"లేదు, నాది తీసుకెళ్లమను," అన్నారు అల్లుడుగారు.

భార్య ఇద్దరినీ వింతగా చూసింది. "కంప్యూటర్లు ఎవరు అమ్మమన్నారు? రెండూ దీని మీద ఇరుక్కుని చస్తున్నాయని నేను అమ్మేది బల్లని. సాయంత్రం పెద్దది వస్తోంది. బల్ల మీదవి దించమన్నది అందుకు." కాస్త ఆగి మెత్తగా అంది, "ఒకటి నాన్న ఇచ్చింది, ఒకటి మీరు తెచ్చింది. ఈ ఇల్లు నిలబడింది వీటి మీదే కదండీ. ఎవరైనా అమ్ముకుంటారా?"

అల్లుడుగారు మామగారి కంప్యూటరుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తి మంచం మీద పెట్టారు. మామగారు అల్లుడి కంప్యూటరుని దాని పక్కనే పెట్టి, తుండుతో శ్రద్ధగా తుడిచారు. ఆవిడ ఫోను మోగింది. విన్నంతవరకూ బావుంది, మిగతా పుస్తకం కూడా మీరే చదవండి అన్నారు ఆడియో పుస్తకాల వాళ్లు. ఆవిడ ఫోను పెట్టేసి తండ్రి చేయీ భర్త చేయీ పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ పూట అంతకన్నా ఎవరికీ ఏమీ అక్కర్లేకపోయింది.

తర్వాత మామా అల్లుళ్లు బల్లని చెరోవైపు పట్టుకుని లేపారు. బరువు వైపు తనదంటే తనదని కాసేపు వాదించుకుని గుమ్మం దాకా తెచ్చారు. అక్కడ మామగారు "ముందు మీరు నడవండి అల్లుడుగారూ" అన్నారు, అల్లుడుగారు "పెద్దవారు, ముందు మీరు" అన్నారు.

సాయంత్రం కొత్త బల్ల వచ్చేసరికి పాత బల్ల ఇంకా గుమ్మంలోనే ఉంది.