ఇద్దరిదీ ఎరుపే

గల్ఫ్‌లో సెలవురోజైన శుక్రవారం ఉదయం గురుప్రసాద్ మహా హుషారుగా నిద్రలేచాడు. ఆఫీసులో రెండు వారాలుగా మాటల్లేని ఇద్దరు పెద్దమనుషుల్ని ఆ మధ్యాహ్నం అల్ మన్సూరా పేటలోని తన ఫ్లాట్‌లో భోజనానికి కూర్చోబెట్టి కలిపేయాలని అతని ఏర్పాటు.

వేన్‌ది టెక్సాస్, ఏస్కిల్‌ది డెన్మార్క్. నిరుడు వేన్ భార్య పోయినప్పటి నుంచి ఏస్కిల్ రోజూ రెండు డబ్బాల్లో భోజనం తెచ్చి ఒకటి అతని ముందు పెట్టేవాడు. ఏదో ఎన్నికల వార్త మీద మాటా మాటా పెరిగి, ఇప్పుడు వేన్ ఒక్కడే బిస్కెట్లు తింటున్నాడు. అది గురుప్రసాద్ చూడలేకపోయాడు.

"ఇంతకీ వాళ్ళవి ఏ పార్టీలండీ?" అంది భార్య లలితకుమారి పప్పు మెదుపుతూ.

"విడివిడిగా అడిగాను లలితా. ఇద్దరూ 'మాది ఎరుపు' అన్నారు. ఒకటే పార్టీ! ఆ సంగతి తెలీక పోట్లాడుకుంటున్నారు, పాపం."

ఆమె ముచ్చటపడి రెండు ఎర్ర శాలువాలు తీసి ఉంచింది.

భోజనాల దగ్గర శాలువాలు కప్పి, గురుప్రసాద్ అసలు సంగతి బయటపెట్టాడు. వేన్ ముఖం వెలిగింది. "నిజమా ఏస్కిల్? నువ్వూ మావాడివేనా?"

"పుట్టినప్పటి నుంచీ! మా నాన్న రేవులో యూనియన్ నాయకుడు. అందరూ పన్నులు కట్టాలి, అందరికీ వైద్యం అందాలి."

వేన్ చేతిలో అప్పడం విరిగింది. "ఎరుపంటే పన్నులు తగ్గించాలి. ప్రభుత్వం మన జోలికి రాకూడదు!"

"మా దేశంలో దాన్ని నీలం అంటారు!"

"మా దేశంలో నీదే నీలం!"

శాలువాలు కుర్చీల మీద పడ్డాయి. గురుప్రసాద్ మధ్యలోకి దూరాడు. లిబరల్ అంటే విశాల హృదయుడని, అంతకన్నా మంచిమాట లేదని అతని నమ్మకం. "రంగులు వదిలేయండి సార్. నా దృష్టిలో మీరిద్దరూ లిబరల్సే!"

"నన్నా?" వేన్ లేచాడు. "ప్రతిదానికీ ప్రభుత్వమే దిక్కనేవాళ్ళలో కలుపుతావా?"

"నన్నా?" ఏస్కిల్ కూడా లేచాడు. "వ్యాపారులకి పన్నులు తగ్గించమనేవాళ్ళలో కలుపుతావా?"

ఆ ఇంగ్లీషు వేగం లలితకుమారికి అందలేదు. ఆమెకి కనిపించింది ఒక్కటే: కంచాల్లో అన్నం అలాగే ఉంది.

"అన్నం ముందునుంచి లేవకూడదు అన్నయ్యగారూ, కూర్చోండి!" అని తెలుగులోనే గదిమింది.

మాట అర్థం కాకపోయినా వేన్ ఠక్కున కూర్చున్నాడు. తినమని అతన్ని అలా కసిరినవాళ్ళు ఏడాదిగా లేరు. కళ్ళు తడయ్యాయి. అది చూసి ఏస్కిల్ కూడా మెల్లగా కూర్చున్నాడు.

"గోంగూర ఘాటుగా ఉందా?" అంటూ పెరుగు గిన్నె అటు జరిపాడు.

"బాగా ఘాటు," అన్నాడు వేన్. పెరుగు కలుపుకుంటూ, "అయితే లిబరల్స్ నీకూ గిట్టరా?"

"అస్సలు గిట్టరు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం మరి!"

ఈయన లిబరల్స్ వేరు, ఆయన లిబరల్స్ వేరు అని చెప్పడానికి గురుప్రసాద్ నోరు తెరవబోయాడు. లలితకుమారి అతని కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

సాయంత్రం స్నేహితులిద్దరూ ఒకే కారులో వెళ్ళారు. దారి పొడుగునా గురుప్రసాద్‌నే తిట్టుకున్నారట.